పాణి బంద్ కర్

పాపకు రాగిజావ కాయాలె. గ్యాస్ బుక్ చెయ్యాలె. టీకా ఎప్పుడో ఆశా అక్కనడిగి తెలుసుకోవాలె. అత్త మోకాళ్లకు నూనె తేవాలె. కింది ఆండాళమ్మ గిన్నె ఆమెకు తిరిగి ఇయ్యాలె, అదీ ఉత్త గిన్నె కాదు, లోపల ఏదన్న పెట్టి. అన్నిటికంటే ముందు, ట్యాంకు నిండంగనే మోటర్ బంద్ చెయ్యాలె.

ఇవన్నీ స్రవంతి మైనాకు చెప్పి పెట్టుకున్న పనులు. మైనా అంటే పిట్ట కాదు, పిడికిలంత నల్ల డబ్బా. స్రవంతి భర్త వినోద్ మిర్యాలగూడ రైస్ మిల్లులో లారీ నడుపుతాడు, వారంలో సగం రోజులు రోడ్ల మీదే. పోయినసారి ఇంటికి వచ్చినప్పుడు ఆ డబ్బాను తెచ్చి అల్మారా మీద పెట్టి, ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మోటర్ స్విచ్‌ను దానితో కలిపించి పోయాడు. "మైనా" అని పిలిచి చెబితే చాలు, లేవకుండానే పని అయితది.

అది షోకుకు తెచ్చింది కాదు. కోదాడలో వాళ్లుండేది మేడ మీద, కిరాయి ఇల్లు. మోటర్ స్విచ్ మెట్ల కింద. స్రవంతి పొద్దున్నే సూర్యాపేట బస్సెక్కిందంటే ఇంట్లో మిగిలేది ఏడాది నిండని వైష్ణవి, ఆ పిల్లను చూసుకోవడానికి నడిగూడెం అవతలి తండా నుంచి వచ్చిన అత్త సీతాబాయి. సీతాబాయివి నొప్పుల మోకాళ్లు. పిల్లను చంకనేసుకుని ఆమె మెట్లు దిగేసరికే ట్యాంకు పొర్లి, నీళ్లన్నీ ఇంటి ఓనరు ఆండాళమ్మ వాకిట్లో పడేవి. ఆండాళమ్మ వాళ్లది తాతల నాటి నుంచి వడ్ల వ్యాపారం. ఆమె మనసు మెత్తన, గొంతు మాత్రం మైకు.

"కొంచెం చూసుకోవాలి కదా సీతాబాయీ! రోజూ ఇదేనా?"

ఆ మాట సీతాబాయికి ముల్లై గుచ్చుకునేది. "మా తండాల నన్ను ఒక్కలు ఒక్క మాట అన్నది లేదు. గీడికొచ్చి మాటలు పడాల్నా? ఆదివారం హేమ్లా ఆటో తెస్తడు, ఇగ నేను పోత" అని తేల్చి చెప్పింది. హేమ్లా ఆమె తమ్ముడు.

అత్త పోతే పిల్లను చూసేవాళ్లు లేరు. పిల్లను చూసేవాళ్లు లేకపోతే స్రవంతి ఉద్యోగం మానాల్సిందే. పుట్టింటి తండాలో డిగ్రీ చదివిన మొదటి ఆడపిల్ల ఆమె. సూర్యాపేట ఆఫీసులో కంప్యూటర్ ముందు ఆ కుర్చీ దొరికి ఎన్నాళ్లో కాలేదు. కాబట్టి ఆ పిడికెడు డబ్బా మీద ఆమె పెట్టుకున్న ఆశ కొండంత.

"యాడీ, ట్యాంకు నిండితే 'మైనా, మోటర్ ఆపు' అను. అంతే" అని నేర్పింది. లంబాడీలో యాడి అంటే అమ్మ. అత్తనూ అట్లనే పిలిచేది.

"ఆపు అంటే ఆపుతదా? మీ మామకు పెండ్లైన కాన్నుంచి చెప్తున్న, బీడీ ఆపిండా?"

"ఇది మామ లెక్క కాదు యాడీ, మాట ఇంటది."

"పిల్ల ముడ్డి కడుగుతదా?"

"కడగదు."

"మరి ఇగ దేనికే? ఉత్త మాటల డబ్బా!"

గురువారం నాడు సీతాబాయి పాపకు జావ తాగిస్తుంటే ట్యాంకు నిండింది. పిల్ల జావ ఊసి ఏడుపు అందుకుంది. అంగడిలో బేరమాడేటప్పుడు సీతాబాయి తెలుగు కత్తిలాగా ఉంటది. కానీ మనిషి పరేషాన్‌లో పడితే నోటికి వచ్చేది ఇంటి భాషే కదా.

"మైనా! పాణి బంద్ కర్!"

లంబాడీలో పాణి అంటే నీళ్లు. మైనా ఎంతో వినయంగా, "సరే. మీ పనుల జాబితా మొత్తం తీసేశాను" అన్నది.

"అరే, పాణి! పాణి బంద్ కర్!"

"ఈరోజు మీకు పనులేమీ లేవు. హాయిగా విశ్రాంతి తీసుకోండి."

పైనుంచి నీళ్లు ధార కట్టాయి. ఆండాళమ్మ వాకిట్లో మంచం మీద పెట్టుకున్న సగ్గుబియ్యం వడియాలు ఒకదాని వెనుక ఒకటి ఈదుకుంటూ మోరీలోకి పోయాయి.

"సీతాబాయీ! నా వడియాలు!"

సాయంత్రం స్రవంతి వచ్చేసరికి అత్త మూట కట్టుకుని కూర్చుంది. అత్త మీద కోపం దుత్త మీద అంటారు. ఇక్కడ అత్తే కోపమొచ్చి డబ్బా మీద సత్తుగిన్నె బోర్లించింది.

"ఏమైంది యాడీ?"

"ఏమైతది? మనుషులకు నా మాట తెల్వకపోతే సర్లే అనుకున్న. డబ్బాకు గూడ తెల్వది! నీళ్లు ఆపమంటే నన్ను పండుకొమ్మంటది!"

స్రవంతి గిన్నె తీసి, ఫోన్ తెరిచింది. మైనాకు వినబడిన మాటలన్నీ అందులో ఉంటాయి. చూస్తే ఏముంది? "పని బంద్ కర్." కింద మళ్లీ అదే. పాణి అంటే దాని చెవికి పని అయ్యింది.

స్రవంతికి నవ్వు ఆగలేదు. నవ్వీ నవ్వీ, అట్లనే ఆగిపోయింది. ఈ తప్పు ఆమెకు కొత్త కాదు.

త్రిపురారం దిక్కున వాళ్ల ఊరి బడిలో, ఒకటో తరగతిలో, దాహమై "సార్, పాణి" అన్నది. "పని కావాల్నా? శభాష్!" అని సారు చీపురు చేతికిచ్చాడు. సారు చెడ్డవాడు కాదు, ఆయనకు వినబడింది అది. చిన్న స్రవంతి బుద్ధిగా గదంతా ఊడ్చి, మళ్లీ "పాణి" అన్నది. సారు మెచ్చుకుని వరండా చూపించాడు. బడిలో వంట చేసే వెంకటనర్సమ్మ ఆ పిల్ల ఎండిన పెదవులు చూసి, పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. "ఏం గావాలె బిడ్డా? చేతితోని సూపియ్యి." స్రవంతి దోసిలి నోటికి పెట్టుకుంది. "ఓ, నీళ్లా! మీరు పాణి అంటరా? పాణి... పాణి..." అని తనలో తాను అనుకుంటూ చెంబు తెచ్చింది. ఆ రోజు నుంచి తండా పిల్లలు గుమ్మం దగ్గర కనబడితే చాలు, "పాణి గావాల్నా?" అని ఆమే అడిగేది.

స్రవంతి ఇదంతా చెబితే సీతాబాయి మొహం మెల్లగా విప్పారింది.

"నిన్నేమో ఊడ్వమన్నడు, నన్నేమో పండుకొమ్మన్నది. నీకన్న నా నసీబే నయం" అన్నది.

"దీని చెవి మార్చలేం యాడీ. కానీ దానికి వినబడ్డ మాటకు అర్థం మనం చెప్పొచ్చు" అని స్రవంతి ఫోన్లో కొత్తగా రాసిపెట్టింది: "పని బంద్ కర్" అని వినబడితే మోటర్ ఆపాలె.

శుక్రవారం పొద్దున స్రవంతి బస్సుకు పోకముందే, ట్యాంకు నిండుతుంటే సీతాబాయి కొంగు సర్దుకుని డబ్బా ముందు నిలబడింది. గొంతు సవరించుకుంది.

"మైనా, పాణి బంద్ కర్."

కింద మోటర్ రొద ఠక్కున ఆగింది.

"ఇన్నదే ఛోరీ! నా మాట ఇన్నదే పిల్లా!" సీతాబాయి మోకాళ్లు మరిచిపోయి ఎగిరినంత పని చేసింది. మోటర్ పెట్టించింది, ఆపింది, మళ్లీ పెట్టించింది, మళ్లీ ఆపింది. చివరికి ఆండాళమ్మ మెట్లెక్కి వచ్చింది.

"మోటర్ కాలిపోతుంది తల్లీ! ఏం చేస్తున్నారు?"

సీతాబాయి చేసి చూపించింది. ఆండాళమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "నేను చెప్తే వింటుందా?"

"లంబాడీల చెప్తే ఇంటదమ్మా."

"అదేమన్నా బ్రహ్మవిద్యా? మైనా, పానీ బందు కరో!"

"క్షమించండి, నాకు అర్థం కాలేదు" అన్నది మైనా.

"అట్ల సాగదియ్యకు ఆండాళమ్మా. పాణి. బంద్. కర్. టకటక అనాలె."

నాలుగోసారికి మోటర్ ఆగింది. ఆండాళమ్మ పరీక్ష పాసైన పిల్లలాగా చప్పట్లు కొట్టింది. పోతూ పోతూ, "వడియాలు మళ్లీ పెడుతున్నా, చేయి సాయం రా" అని సీతాబాయిని వెంటబెట్టుకుని పోయింది.

శనివారం సీతాబాయి పాపకు స్నానం చేయిస్తుండగా ట్యాంకు నిండింది. ఆమె లేవబోయేలోపే కిటికీలోంచి కేక వచ్చింది. "మైనా! పాణి బంద్ కర్!" వాకిట్లో వడియాల మంచానికి కాపలా ఉన్న ఆండాళమ్మ గొంతు అది. ఆ గొంతు మేడ మీదికేంటి, బైపాస్ దాకా వినబడి ఉంటది. మోటర్ ఆగింది.

ఆదివారం హేమ్లా ఆటో తెచ్చాడు. "అక్కా, మూటేది?"

స్రవంతి వంటింటి తలుపు పట్టుకుని నిలబడింది. 

"మూట విప్పిన తీ" అన్నది సీతాబాయి. "ఎట్ల వస్త రా? ఈ డబ్బాకు ఒక్క మాటనే వచ్చు, లైటు, ఫ్యాను ఇంక నేర్పలే. పిల్లకు మాటలు నేర్పాలె. కింద ఆండాళమ్మకైతే మొత్తం మొదటి నుంచి నేర్పాలె. గిన్ని పనులిడిసి ఎట్ల వస్త?"

"వినబడుతోంది సీతాబాయీ!" అని కింది నుంచి కేక.

ఇల్లంతా నవ్వింది. హేమ్లా కడుపునిండా తిని, వడియాల పొట్లం తీసుకుని, ఖాళీ ఆటోతో తండాకు పోయాడు.

సోమవారం స్రవంతి మామూలుగానే బస్సెక్కింది. మునగాల దాటుతుంటే సీసా తీసి నీళ్లు తాగింది. మైనా వల్ల ఇంటి పని తేలికైందా అని ఆఫీసులో ఎవరన్నా అడిగితే అయ్యిందనే చెబుతుంది. కాకపోతే ముందు దానికి మన మాట తెలియాలె. అట్లా ఎదుటివాళ్ల మాట నేర్చుకుని మసలడం ఆమె చూసింది మొదట ఒక బడి వంటగదిలో.

అందుకే ఈ కథ చదివిన మీకు ఒక మనవి. ఎవరన్నా మీకు తెలియని మాటలో ఏదన్నా అడిగినప్పుడు, జర వెంకటనర్సమ్మను యాది చేసుకోండి.