ఉమాకాంతం గీసిన వీపు

ముప్పై ఆరో బొమ్మ దగ్గర ఉమాకాంతం మౌస్ వదిలి, కళ్లద్దాలు చొక్కా కొసతో తుడుచుకున్నాడు. తెర మీద ఎవరిదో మోచెయ్యి. దాని మీద గోధుమరంగు మచ్చ, ఒక పక్క చిక్కగా, ఇంకో పక్క చర్మంలోకి కరిగిపోతూ ఉంది. ఆ కరిగిపోయే పక్కన గీత ఎక్కడ ఆపాలన్నదే కష్టం. ఆ సంగతి బాగా తెలిసినవాడు నందిగామ ఆఫీసులో అతనొక్కడే.

పని చెప్పుకోవడానికి చిన్నదే. ఆస్పత్రుల నుంచి వచ్చిన ఫొటోల్లో ప్రతి మచ్చ చుట్టూ గీత గీయాలి. అలాంటి గీతలు వేలకు వేలు చూసి కంప్యూటర్ తనంతట తానే మచ్చను చుట్టడం నేర్చుకుంటుంది. మచ్చ మంచిదో చెడ్డదో తేల్చేది డాక్టర్లు. కానీ ఉమాకాంతం జగ్గయ్యపేట క్వారీల సర్వే ఆఫీసులో ముప్పై ఏళ్లు మ్యాపులు చేత్తో గీసినవాడు. అంచుల వంకరలు అతనికి కొత్త కాదు. ఈ పనిలో చేరి రెండేళ్లు తిరిగేసరికి, డాక్టర్లు దేన్ని చెడ్డదంటారో గీస్తుండగానే పట్టేయడం వచ్చేసింది.

భార్య రాజరాజేశ్వరి పోయి ఆరేళ్లు. ఆదివారాలు వీపుకు నూనె రాస్తూ, "ఇక్కడో పుట్టుమచ్చ ఉందండీ, కందిగింజంత" అనేది. అతను విసుక్కునేవాడు. ఇప్పుడు ఆ చోటే దురద. నెల రోజులుగా బనీనుకు రక్తపు చుక్క అంటుతోంది. చెయ్యి అందదు. రోజంతా ఎవరెవరివో వీపులు చూస్తాడు గానీ, తన వీపు చూసే మనిషి లేడు. ఒంటరితనమంటే అతనికి అదే, అంతకన్నా పెద్ద మాటలేవీ లేవు.

పక్క కుర్చీలో రాగసుధ ఉంది. కూతురి ఈడు పిల్లను, నా వీపు చూడమ్మా అని ఎలా అడుగుతాడు? మధ్యాహ్నం అన్నం తిన్నాక మెట్లు దిగి వాచ్‌మన్ డేవిడ్‌రాజు దగ్గరికి వెళ్లాడు. కాసేపు ఎండల గురించి మాట్లాడి, ఫోను చేతికిచ్చాడు.

"కాస్త నా వీపు ఫొటో తీసిపెడతావా? ఎడం పక్క, భుజం కింద."

చొక్కా పైకెత్తిన డేవిడ్‌రాజు ఆగిపోయాడు. "ఇదేందండీ, ఇంతుంది! ఇంట్లో ఎవరూ చెప్పలేదా?"

"చెప్పేవాళ్లెవరున్నార్లే. సరిగ్గా పడేట్టు తియ్యి."

నాలుగు గంటలకు ఆ ఫొటోను తెర మీదికి తెచ్చుకున్నాడు. కందిగింజ రూపాయి బిళ్లంత అయింది. మామూలుగా ఒక్కో బొమ్మకు మూడు నిమిషాలు, దీనికి ముప్పావుగంట పట్టింది. పై అంచు చెదిరిపోయి ఉంది. కింద రెండు చోట్ల నల్లగా బయటికి పొడుచుకొచ్చింది. భయమేసింది, అయినా గీత ఆపలేదు. గీత చుట్టూ తిరిగి మొదలుపెట్టిన చోటికి వచ్చేసరికి అతనికి తెలిసిపోయింది.

రాగసుధ తొంగిచూసింది. "అబ్బ, ఎంత బాగా గీశారు బాబాయ్! ఎవరిదండీ?"

"ఎవరో పెద్దాయనదమ్మా. ఒక్కడే ఉంటాట్ట." బొమ్మను మిగతావాటిలో చేర్చి లేచాడు. "రేపు నేను రాను. విజయవాడ వెళ్లొస్తా."

ఒక్కడే ఉంటాడని ఫొటో చూస్తే ఎలా తెలిసిందని ఆమె అడగలేదు.

విజయవాడ డాక్టరు నెమ్మదిగానే చెప్పాడు, అది క్యాన్సరని, ఊపిరితిత్తుల దాకా పోయిందని, ఆర్నెల్ల ముందు ఎవరైనా చూసి ఉంటే బాగుండేదని. ఉమాకాంతం మళ్లీ ఆఫీసు మెట్లెక్కలేదు. శ్రావణంలో పోయాడు.

డేవిడ్‌రాజు చెబితేగానీ ఆ వీపు ఎవరిదో రాగసుధకు తెలియలేదు. రెండేళ్లు పక్కనే కూర్చున్న మనిషి ఇంటికి వెళ్తే ఎవరూ ఉండరన్న సంగతీ అప్పుడే తెలిసింది. ఆ మధ్యాహ్నం ఆమె అన్నం తినలేకపోయింది. బొమ్మను వెతికి తీసింది. ఆస్పత్రి ఫొటో కాదు గనక దాన్ని చెరిపేయాలి, కానీ చెయ్యి రాలేదు. కంప్యూటర్ నేర్చుకునే వేల బొమ్మల్లో అది అలాగే ఉండిపోయింది. పేరు లేని వీపు, దాని మీద మచ్చ, చుట్టూ ఎక్కడా తెగని సన్నటి పచ్చగీత.