రక్తానికి ముల్కీ సర్టిఫికెట్

శాంతమ్మ ఒంటిని కాపాడాల్సిన రక్తమే ఆమె కిడ్నీలను తినేస్తోందని డాక్టరు అనుమానం. సిటీలో రెండు చోట్ల పరీక్ష చేయించారు. ఒక ల్యాబు జబ్బు కణం కనిపించిందంది, రెండోది కనిపించలేదంది. కనిపించకపోయినా జబ్బు ఉండొచ్చని డాక్టరు మొత్తుకుని మందులు మొదలుపెట్టాడు.

అది 1969. ప్రత్యేక తెలంగాణ గొడవలతో వాళ్ల మొయినాబాద్ బస్సులు కూడా సరిగా నడవని రోజులు. శాంతమ్మ మొగుడు స్వామిదాసు తెలివి తెల్లారినట్టే ఉంది.

"మొదటిది ఆంధ్రోళ్ల ల్యాబు. రెండోది మనోళ్లది. మనోళ్లు అబద్ధం చెప్తరా?" అని మందులు మాన్పించాడు.

రక్తాన్ని కూడా స్థానికమేనని చూపే ముల్కీ సర్టిఫికెట్ అడిగిన మహానుభావుడు!

వారం తిరిగేసరికి శాంతమ్మ ముఖం కుండలా ఉబ్బింది. ఆమె తల్లి కరుణమ్మ అల్లుడి ముందు నిలబడింది.

"నా బిడ్డకు కండ్లు తెరువొస్తలేదు. గీ వాపు ఆంధ్రోళ్లదా, మనదా? నీ ల్యాబు కాగితంల చూసి చెప్పు, అల్లుడా."