మందు రాయని ఆరు ఎలుకలు

కోపం నాకు ముక్కు మీదే ఉంటుందని మా నాయన ఊరంతా చెబుతుంటాడు. ఆ సోమవారం మాత్రం అది నెత్తికెక్కింది. ధర్మవరంలో రైలెక్కిన దగ్గర్నుంచి హిందూపురంలో దిగేదాకా యోహానన్నను ఏమేం తిట్టాలో వరసగా పేర్చుకుంటూనే వెళ్లాను.

హిందూపురం పక్కన ఒక ఫార్మసీ కాలేజీలో నేను పిహెచ్‌డి చేస్తున్నాను. పొలం గట్ల మీద పెరిగే గాయపాకు నుంచి సారం తీసి, ఆ సారంతోనే కంటికి ఆననంత సన్నటి వెండి నానో కణాలు తయారుచేసి, రెండింట్లో ఏది పుండును తొందరగా మాన్పుతుందో ఎలుకల మీద చూడడం నా పని. జంతువుల మీద ప్రయోగాలకు అనుమతులిచ్చే కమిటీ ఇరవై నాలుగు ఎలుకలకు ఒప్పుకుంది. మత్తిచ్చి, వీపు మీద వెంట్రుకలు గొరిగి, రూపాయి బిళ్లంత చర్మం తీస్తాం. ఆరింటికి సారం, ఆరింటికి నానో మందు, ఆరింటికి మందుల షాపులో దొరికే ఆయింట్‌మెంటు రాస్తాం. మిగిలిన ఆరింటికి ఏమీ రాయం. పుండు దానంతటది ఎన్నాళ్లకు మానుతుందో తెలియకపోతే, మందు పనిచేసిందని చెప్పడానికి ఆధారమే ఉండదు. పదహారో రోజు అన్నింటినీ చంపి చర్మాన్ని పరీక్షకు పంపాలి. ఇష్టంగా చేస్తున్నావా అని నన్నెవరూ అడగొద్దు.

ఎలుకల గది చూసుకునేది యోహానన్న. పెనుకొండ దగ్గరి పల్లె ఆయనది, యాభై దాటాయి. గాయపాకు కూడా వాళ్ల వేరుశనగ చేని గట్టు నుంచి సంచిలో ఆయనే తెచ్చేవాడు. ఎనిమిది నెలలు తెచ్చాడు.

నాలుగు రోజులకోసారి పుండు మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం పెట్టి అంచు గీసుకుని, దాన్ని గ్రాఫ్ కాగితం మీదికి ఎక్కించి గడులు లెక్కపెడతాం. పన్నెండో రోజు దాకా గీసినవన్నీ ఆదివారం ఇంట్లో ముందేసుకుని కూర్చున్నాను. మా నాయన పేరు పెద్దప్ప, నలభై ఏళ్లుగా పట్టుచీరల అంచులకు గ్రాఫు గీసే మనిషి. గడి కనబడితే ఆయన చెయ్యి ఆగదు. సగం దాటిన గడిని ఒకటిగా పట్టుకోవాలి, దాటనిదాన్ని వదిలెయ్యాలి అని నాకే పాఠం చెప్పి, కాగితాలు లాక్కుని వరసలుగా పరిచాడు. కాసేపటికి ఒక వరస మీద వేలు పెట్టాడు.

"పాపా, వీటికి మందు లేదంటివి గదా. నాల్గో దినం దాకా అంచు కదల్లేదు. ఆన్నుంచి ఆకుమందు వరస మాదిరే లోపలికొచ్చేసె. ఎవురో చెయ్యి పెట్టినారు."

ఇది చీర అంచు కాదు నాయనా, నీకేం తెలుసు అని ఆయన మీద గయ్యిమన్నాను. తర్వాత మూడుసార్లు లెక్కపెట్టుకున్నాను. ఆయన చెప్పిందే నిజం. ఎనిమిదో రోజు ఆ ఆరింటి పుండ్ల మీద పక్కు పచ్చగా ఉండడం నేను చూశాను. పక్క పెట్టెలోని సారం అంటిందేమో అనుకుని తుడిచేశాను. కళ్లుండీ ఏం లాభం! నేను కాక ఆ గదిలోకి రోజూ వెళ్లేది యోహానన్న ఒక్కడే.

నేను వెళ్లేసరికి యోహానన్న పెట్టెల్లో ఎలుకల కింద పరిచే వరిపొట్టు మారుస్తున్నాడు. పేర్చుకున్న తిట్లు పక్కనపెట్టి, ఆ ఆరింటికి ఏం రాశావని నేరుగా అడిగేశాను. ఆయన దాచలేదు.

"నాలుగు దినాలు సూసి, ఆన్నుంచి పసరు పిండినానమ్మా, దినామూ. అన్నిటికీ మందు రాస్తాండావు, ఈ ఆరే మిగిలిపోతాండాయి. మందు సాలక వదిలేసినావనుకుంటి. నిన్ను అడిగితే సిన్నబుచ్చుకుంటావని, ఆకు నా సంచిలోనే ఉంటే నలిపినా."

మందు చాలక! ఎనిమిది నెలలు ఆకు మోసుకొచ్చిన మనిషికి, ఆ ఆరింటిని ఎందుకు వదిలేస్తున్నానో నేనొక్క మాట చెప్పలేదు. పొట్టు మార్చు, నీళ్లు పెట్టు, తలుపెయ్యి అన్నాను, అంతే. తిట్టాల్సింది ఎవరినో అప్పుడు తెలిసింది. పైగా ఆయన పిండిన పసరు నా నానో మందుకు మహా అయితే ఒక్క రోజు వెనక. అది కూడా ఎక్కడా రాసుకోవడానికి లేదు.

మా గైడ్ గిరిధర్ సార్ అరవలేదు. ఆరింటిని మాత్రం మళ్లీ చేస్తే కుదరదు, అన్నీ ఒకే ఈడువి కావాలి, ఒకే రోజు మొదలవ్వాలి, కాబట్టి మొత్తం కొత్తగా చెయ్యమన్నారు. పోయినేడు సీనియర్ మందు రాయని ఎలుకలకు వేసిన లెక్కలు తీసి ఆ గళ్లలో వేసేస్తే ఎవరికి తెలుస్తుంది అని ఒక్క క్షణం నాకూ బుద్ధి పుట్టింది. సిగ్గేసి ఊరుకున్నాను.

పదహారో రోజు పాతవాటి పని ముగించాక, మెట్ల మీద కూర్చున్న యోహానన్నకు అంతా విడమరిచి చెప్పాను. ఆయన ఒక్కటే అడిగాడు.

"ఇప్పుడు మళ్లీ ఎన్ని?"

"ఇరవై నాలుగు."

ఆయన తన అరచేతుల వైపు చూసుకున్నాడు.

"ఆరింటికి నొప్పి తగ్గిద్దామని పోయి, ఇరవై నాలుగింటి పానం మీదికి తెస్తినే తల్లీ."

నీ తప్పు కాదన్నాను. ఆ మాట ఆయనకు అందినట్టు లేదు. అనుమతి వచ్చి, రెండు నెలలకు కొత్త ఎలుకలు బెంగళూరు నుంచి దిగాయి. చర్మం తీసిన రోజే ఎలుకల గది తాళంచెవి ఆయన నా చేతిలో పెట్టాడు. నువ్వున్నప్పుడు వచ్చి మిగతావి చూసుకుంటాను గానీ ఆ ఆరింటి దగ్గరికి నన్ను పంపొద్దు, నా చెయ్యి ఊరకుండదు అన్నాడు. వాటి పొట్టూ నీళ్లూ అప్పట్నుంచి నావే అయ్యాయి.

నాలుగో రోజు పొద్దున పద్దెనిమిదింటికీ మందు రాసి, ఆఖరి పెట్టె మూత తీశాను. పొట్టు మారుద్దామని ఎత్తితే ఆ ఎలుక నా మణికట్టు మీదికి పాకి, అక్కడే ముడుచుకుని కూర్చుంది. వీపు మీద పుండు ఎర్రగా ఉంది. వణుకుతోంది. నా గ్లౌజు వేలికి మందు ఇంకా అంటుకునే ఉంది. గదిలో ఎవరూ లేరు. ఒక్క వేలు ఆనిస్తే చాలు. యోహానన్న నాలుగు రోజులు ఎలా ఆగాడో నాకు అర్థం కాలేదు.

గ్లౌజు ఊడదీసి డబ్బాలో పడేశాను. ఎలుకను పెట్టెలోకి దించి మూత బిగించి, తాళమేసి బయటికొచ్చాను. వరండాలో యోహానన్న నిలబడి ఉన్నాడు.

"ఎట్లుండాయమ్మా అవి?"

"బాగుండాయన్నా."

ఆయన నమ్మలేదు. తాళంచెవి వైపు ఒకసారి చూసి, ఎండబెట్టిన వరిపొట్టు ఎత్తడానికి పెరట్లోకి నడిచాడు.