అంజవ్వ గొలుసు

జోహరా బీకి కోపం వస్తే బీడీలు ఎక్కువ చుడుతుంది. ఆ ఆదివారం పొద్దున ఆమె ఒడిలోని చాట చూస్తుండగానే నిండిపోతోంది. ఆ కోపం ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతోంది. దాని పేరు ధనుంజయ్. పిల్లల చదువుకు సాయం చేసే ఒక సంస్థకు జగిత్యాలలో ఆఫీసుంది, కోరుట్లలోని ఈ బీడీల గల్లీ మంచిచెడ్డలు అతనే చూస్తాడు.

ఆ సంస్థ పద్ధతి ఇదీ. సముద్రాల అవతల ఎవరో ఒక పుణ్యాత్ములు ఫోటో చూసి ఒక పిల్లను ఎంచుకుంటారు. ఆ పిల్ల పేరు మీద నెలనెలా డబ్బు పంపుతారు. ఆ డబ్బు పిల్ల చేతికి రాదు. గల్లీ పిల్లలందరి పేర్ల మీద వచ్చింది ఒక్కచోట కలిపి, గల్లీ చివర ఒక గది కిరాయికి తీసుకున్నారు. సాయంత్రం పూట అక్కడ ప్రణీత టీచర్ పాఠాలు చెబుతుంది. గది ముందు నీళ్ళ ఫిల్టరు పెట్టారు. బీడీలు చుట్టీ చుట్టీ చూపు మందగించిన ఆడవాళ్లకు అద్దాలు ఇప్పించారు. జోహరా బీ ముక్కు మీది అద్దాలు అక్కడివే.

అలాగని మొదట్లోనే ఆమె మెచ్చుకోలేదు. "నా మన్మరాలి పేరు మీద అచ్చిన పైసలతోని గల్లీ పిల్లలందరికి చదువేంది?" అని ఆఫీసు దాకా పోయి దులిపి వచ్చిన మనిషే. ఒకనాడు ఆ మనవరాలు అల్ఫియా గదిలోంచి వచ్చి మందు సీసా మీది ఇంగ్లీషు చదివి, "దాదీ, గిది తాగేది కాదు, మోకాళ్లకు రాసుకునేది" అంది. ఆ రోజు నుంచి జోహరా బీ గది గురించి ఒక్క మాట పడనివ్వదు.

ఇప్పుడు ఆ గదికే ఎసరొచ్చింది. ఇద్దరు దాతలు ఇప్పటికే మానుకున్నారు. అల్ఫియా దాత కూడా మానితే కిరాయి కట్టలేం, గది మూసేస్తాం అంటున్నాడు ధనుంజయ్. గది మూస్తే కొడుకు జహీర్ పిల్లను సిరిసిల్లకు తీసుకుపోతాడు. వాడూ, కోడలు మెహజబీన్ అక్కడ మరమగ్గాల మీద పని చేస్తారు. అక్కడికి పోయిన ఆడపిల్ల బడి నుంచి వచ్చి మగ్గాలకు నూలు కండెలు చుట్టాలి, కొన్నాళ్లకు బడి మాని కండెలే చుట్టాలి. బీడీలు చుట్టి అరిగిపోయిన తన వేళ్లు చూసుకున్నప్పుడల్లా జోహరా బీ ఒకటే అనుకుంటుంది. ఈ పిల్ల వేళ్లు అలా కాకూడదు.

అసలు తప్పు జోహరా బీదే. దాతకు ఏటా పిల్ల ఫోటో పంపాలి. ఫోటో పరాయి ఇంటికి పోతుందంటే మన ఇళ్లలో ఏం చేస్తాం? పెళ్లిచూపులకు పంపినట్టే ముస్తాబు చేసి పంపుతాం. పక్కింటి అంజవ్వ మొగుడు మొగిలి దుబాయిలో ఉంటాడు. ఆమె ఇంట్లో సోఫా ఉంది, మనిషంత ఫ్రిజ్ ఉంది. అల్ఫియాను ఆ సోఫాలో కూర్చోబెట్టి, వెనక ఫ్రిజ్ కనబడేటట్టు, అంజవ్వ బంగారు గొలుసు మెడలో వేసి, టీచరమ్మ ఫోన్‌లో ఫోటో తీయించింది. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అని గల్లీ అంతా నవ్వినా ఆమె లెక్క చేయలేదు.

ధనుంజయ్ గ్లాసు కింద పెట్టాడు.

"అల్ఫియాకు పైసలు పంపే ముసలమ్మ ఏమన్నదో ఎరుకేనా? గంత పెద్ద ఫ్రిజ్ నా ఇంట్లనే లేదు, ఇగ నా సాయమెందుకన్నది."

"అయితే ఇప్పుడేం జెయ్యాలె?"

అతను సంచిలోంచి ఒక గౌను తీశాడు. వెలిసిన నీలం రంగు, భుజం దగ్గర జానెడు చిరుగు.

"ఇంకో ఫోటో దింపుదాం. పిల్లకు గిది తొడుగున్రి. తల దువ్వొద్దు. గా పెచ్చులూడిన గోడ కాడ నిలవెడదాం. నవ్వకుంటె మంచిది."

బీడీ ఆకు కత్తిరిస్తూ గడపలో కూర్చున్న అంజవ్వ మెడ సాచి చూసింది. "ఓ సారూ, గీ గౌను నేను చూసిన. రాయికల్‌ల మా చెల్లె మన్మరాలి ఫోటోల గిదే ఉన్నది."

ధనుంజయ్ ఖాళీ గ్లాసు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

అల్ఫియా దాదీ వైపు చూసింది. పొద్దున్నే నూనె పెట్టి జడ వేసుకున్న పిల్ల. జడ వెనక్కి దాచుకుంది. అది చూసి జోహరా బీకి ఒళ్లు మండిపోయింది. చాట పక్కన పెట్టి గౌను లాక్కుంది. బీడీలు కట్టే దారం సూదికెక్కించి, అద్దాలు సర్దుకుని, చిరుగు కుట్టడం మొదలుపెట్టింది.

"అరే, ఏం జేస్తున్నవ్ జోహరమ్మా! గది ఆఫీసుది!"

"ఆఫీసుదైతె, ఆఫీసుకు ఆడపిల్ల ఉన్నదా తొడుగ?" ఆమె తల ఎత్తలేదు. "ఇను కొడుకా. నేను లేంది ఉన్నట్టు చూపిన. ఎరువు సొమ్ము బరువు చేటని మా అత్త చెప్పనే చెప్పె, నేనే ఇనలే. తప్పు నాది. నువ్వు ఉన్న ఇజ్జత్ లేనట్టు చూపుమంటున్నవ్. గా తప్పు నాతోని గాదు."

దారం పళ్లతో తెంపి, గౌను మడిచి అతని ఒళ్లో పెట్టింది. కుట్టు కనబడనంత సాపుగా ఉంది.

"ఇగ దీన్ని ఎవ్వలకన్న తొడుగు. మంచిగనే కనవడతరు."

ఫోటో మాత్రం దింపించింది. అల్ఫియా ఉతికిన బడి బట్టల్లో, తన ఇంటి గడపలోనే కూర్చుంది. చాట కనబడితే పిల్లతో పని చేయిస్తున్నారనుకుంటారని ధనుంజయ్ మొత్తుకున్నాడు. "చుట్టేది నేను, చదివేది అది. ఇద్దరం కనవడాలె" అని జోహరా బీ చాటతో సహా పక్కన కూర్చుంది. పిల్ల నవ్వింది. ఆపడం ఎవరి వల్లా కాలేదు.

తర్వాత కొన్ని వారాలు ఆమెకు సరిగా నిద్ర లేదు. నోటి దురుసుతో పిల్ల బతుకు చెడగొట్టానేమోనని భయం. సిరిసిల్ల నుంచి జహీర్ ఫోన్ చేసి, "అమ్మీ, పిల్లను పంపుతవా?" అని అడిగినప్పుడల్లా ఏదో ఒకటి చెప్పి పెట్టేసేది.

ఒక సాయంత్రం ధనుంజయ్ లడ్డూల డబ్బాతో వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"జోహరమ్మా, గది నిలవడ్డది! ముసలమ్మ మానలేదు. ఇంకా ఎక్కువ పంపుతదట!"

జోహరా బీ గుండె మీది బండ దిగింది. లడ్డూ అందుకుంది. "ఫోటో నచ్చిందా?"

"నచ్చుడు గాదు, ఏడ్చిందట. మొన్నటిదాంట్ల సోఫా, ఫ్రిజ్, గొలుసు ఉండె. గిందుల ఏం లెవ్వు. పాపం అన్నీ అమ్ముకున్నరు, పిల్ల అయినా నవ్వుతున్నది అనుకున్నది."

అంజవ్వ పడీ పడీ నవ్వింది. జోహరా బీకి నవ్వు రాలేదు. లడ్డూ డబ్బాలో పెట్టేసింది.

"మేమేం అమ్ముకున్నం? నువ్వు చెప్పలేదా?"

"ఎందుకు చెప్పాలె? నేను అబద్ధమాడలే, మీరూ ఆడలే. ఆమెనే అనుకున్నది. నోరు మూసుకుంటె ఏం పోతది? పిల్ల సిరిసిల్లకు పోకుంట ఆగింది గద."

ఆ మాట సూటిగా తగిలింది. నోరు మూసుకోవాలనే అనిపించింది ఆమెకు, ఎందుకు అనిపించదు? గల్లీ చివర గదిలో దీపం వెలుగుతోంది, పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు. అంతలో, గదిలోంచి వచ్చి అంతా వింటున్న అల్ఫియా అడిగింది. "దాదీ, ఇగ నేను రేపు ఆమెతోని మాట్లాడితె, గొలుసు అమ్ముకున్న పిల్లలెక్క మాట్లాడాల్నా?"

జోహరా బీ కొంగు తలమీదికి లాక్కుని లేచింది.

"ధనుంజయ్, నీ ఫోన్ తియ్యి. ఆమెకు మాట పంపుతా."

"అమ్మా, ఒక్కసారి ఆలోచించు..."

"తియ్యి!"

అతను రికార్డు బటన్ నొక్కి చేయి సాచాడు. గల్లీ అంతా గడపల్లోకి వచ్చింది. జోహరా బీ ఫోన్‌ను గుచ్చి చూస్తూ మాట్లాడింది.

"అమ్మా, గొలుసు అంజవ్వది. సోఫా, ఫ్రిజ్ గూడ ఆమెయే. పరాయి ఇంటికి ఫోటో పోతున్నదని నేనే ముస్తాబు జేసిన. మేం ఏం అమ్ముకోలే, మా కోసం ఏడ్వకు. పిల్ల మాది. దానికి చదువు గావాలె, గల్లీల పిల్లలందరికి గావాలె. ఇస్తె ఇయ్యి. ఇయ్యకుంటె పిల్లలు నా గడపల కూసుండి చదువుతరు."

అల్ఫియా ముందుకు వచ్చింది. ప్రణీత టీచర్ నేర్పిన ఇంగ్లీషులో, తడబడకుండా, దాదీ చెప్పినదంతా మళ్లీ చెప్పింది. జోహరా బీకి ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా చివరి దాకా ఆ పిల్ల పెదవులే చూస్తూ నిలబడింది.

"అన్ని చెప్పినవా? ఇయ్యకుంటె అన్నది గూడ?"

"అన్ని చెప్పిన దాదీ."

"అయితె పంపు" అంది జోహరా బీ ధనుంజయ్‌తో. అతను కదలకపోతే, అల్ఫియానే ఫోన్ అందుకుని పంపేసింది.