రాట్నం పేరంటం

ఎండ నడినెత్తికొచ్చినా పైడమ్మ చెయ్యి ఆగలేదు. కొబ్బరిపీచు తడి ఇసకలో అద్ది రాట్నం పెట్టె లోపలి పలకలు తోముతోంది. పొద్దుటినుంచి ఇది మూడో పెట్టె. ఐదు నెలల తీర్థాల మురికంతా అందులో పేరుకుపోయి ఉంది. తమలపాకు ఉమ్ములు, జీళ్ళపాకం మరకలు, చితికిన గాజుముక్కలు, పైకి వెళ్ళాక భయపడి ఏ పసిదో పోసిన ఉచ్చ తాలూకు వాసన. ఎక్కినవాళ్ళు కేరింతలు కొట్టి దిగిపోయారు. అవన్నీ గోకి తియ్యడానికి రోజుకి మానెడు నూకల కూలి మీద దిండి రేవులో ఎనమండుగురు ఆడవాళ్ళున్నారు.

రాట్నం బంగారరాజు గారిది. ఒకప్పుడు ఆయనా వీళ్ళలాగే పడవ తోసుకుని బతికినవాడే, పైడమ్మ మొగుడికి వరసకి మేనమామ. నాలుగు పడవలు కొని, ఆనకట్ట పనికి రాయి మోయించి, ఆ డబ్బుతో ఈ రాట్నం చేయించాడు. రెండు నిట్రాళ్ళు, వాటి మధ్య ఇరుసు, ఇరుసుకి నాలుగు చేతులు, ఒక్కో చేతికి వేలాడే ఒక్కో పెట్టె. అంతర్వేది తీర్థంలో, పలివెల తీర్థంలో మనిషికో దమ్మిడీ తీసుకుని తిప్పుతాడు. పైడమ్మ మొగుడు తాతారావు, మరో ముగ్గురు మగాళ్ళు కింద నిలబడి చేతులు తోస్తారు.

తీర్థంలో మాత్రం రాట్నం తోసేవాళ్ళ ఇళ్ళ ఆడవాళ్ళు రాట్నం ఎక్కకూడదు. పడవలవాళ్ళు కూర్చున్న పలకమీద పెద్దిళ్ళవాళ్ళు కూర్చోరని బంగారరాజు గారు పెట్టిన కట్టుబాటు అది. తనవాళ్ళని తానే దూరం పెట్టడానికి ఆయనకి ఏ సిగ్గూ లేదు. దమ్మిడీలకి కులం అంటదు గదా!

వైశాఖ పున్నమితో తీర్థాలు ముగుస్తాయి. వానలు పడేలోగా రాట్నాన్ని దిండి రేవులో, ఆయన పెరట్లోకి దించుతారు. అరిగినవి మార్చి, తోమి, నూనె పట్టించి, ఒక్కసారి నిలబెట్టి తిప్పి చూసి, అప్పుడు విప్పి పాకలో వాసాలకి కడతారు. ఆ తిప్పి చూడ్డానికి పెట్టెల్లో బరువుండాలి. ఆ బరువు ఈ ఎనమండుగురు ఆడవాళ్ళే.

దానికి రాట్నం పేరంటం అని పేరు. ఎవరు పెట్టారో గాని, భలే పేరు పెట్టారు. ముత్తైదువలు తలంట్లు పోసుకుని, ఉపవాసంతో వచ్చి మొదట ఎక్కితే మరుసటేడు తీర్థాలకి ఏ కీడూ ఉండదట. బంగారరాజు గారి భార్య సత్యవేణమ్మ గారు స్వయంగా బొట్టు పెట్టి, నానిన శనగలూ రవికెగుడ్డా ఇస్తారు. పైడమ్మ తొమ్మిదేళ్ళుగా ఎక్కుతోంది. మొదట్లో ఆమెకి గర్వంగా కూడా ఉండేది. పైకి వెళ్తే గోదారి పాయ, అవతలి కొబ్బరి మట్టలు, ఇసక తిప్ప మీద కొంగలు కనిపించేవి. కింద జనం, బూరలు, జీళ్ళ దుకాణాలు ఉంటే పైనుంచి ఎలా ఉంటుందో మాత్రం ఆమెకి ఇప్పటికీ తెలియదు.

పోయినేడు పేరంటంలో మొదటి పెట్టె వేలాడే కొయ్య విరిగింది. ఆ ఏడు ఒకరు తగ్గి అందులో ఒక్కతే కూర్చున్న పైడమ్మ తోటికోడలు అప్పలమ్మ పెట్టెతోపాటు కింద పడింది. తుంటి ఎముక విరిగి ఏడాదిగా చేతులమీద దేకుతోంది. విరిగినచోట పుచ్చు రాలుతున్నా, కొయ్య ఎందుకు విరిగిందని ఎవరూ అడగలేదు. పడిన వెంటనే అప్పలమ్మ గంజి కక్కుకుంది. అది అందరూ చూశారు. ఉపవాసం చెడగొట్టి ఎక్కింది గనకే కీడు తగిలిందన్నారు. రెండు కుంచాల వడ్లు ఇంటికి పంపించి, ఇక పేరంటానికి పిలవొద్దని సత్యవేణమ్మ గారు తీర్మానించారు. అప్పలమ్మ ఒక్క మాట అనలేదు.

ఆ గంజి సంగతి అప్పలమ్మ తరవాత తెలిసింది పైడమ్మకే. కోడికూతనుంచి పెట్టెలు మోసి మోసి కళ్ళు తిరుగుతుంటే తోటికోడళ్ళిద్దరూ గోడచాటున ఒక్క ముంతలో తాగారు. పైడమ్మ ఎక్కిన పెట్టె విరగలేదు, ఆమె తాగిన గంజి కడుపులోనే ఉండిపోయింది. అందరూ అప్పలమ్మని ఆడిపోసుకుంటుంటే ఈమె తల దించుకుని నిలబడింది. ఆ సిగ్గు ఏడాదిగా ఆమెకి అన్నం సయించనివ్వడం లేదు.

పెట్టె తోమడం అయ్యాక ఇరుసుకి నూనె పట్టించమని కబురొచ్చింది. ఇరుసు రెండు దుంగలమీద పడుకోబెట్టి ఉంది. నడుమ కొత్తగా ఇనప పట్టా బిగించి ఉంది. పైడమ్మ నూనె రాసింది. ఒకచోట రాసినకొద్దీ ఇంకిపోతోంది. మళ్ళీ రాసింది. మళ్ళీ ఇంకిపోయింది.

ఆమె పడవలవాళ్ళ ఇంటి పిల్ల. పలక నెర్రె ఇచ్చిందేమోనని అనుమానం వస్తే వాళ్ళ నాన్న ఏం చేసేవాడో ఆమెకి గుర్తే. నూనె పట్టించి, పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, పైన బూడిద చల్లేవాడు. చెక్క గట్టిదైతే బూడిద పొడిగానే ఉంటుంది. నెర్రె ఉంటే లోపల దాక్కున్న నూనె పైకి ఊరుతుంది. పైడమ్మ పొయ్యిలోంచి పిడికెడు బూడిద తెచ్చి ఇరుసుమీద చల్లి, పక్కన గొంతుక్కూర్చుంది.

కాసేపటికి బూడిదమీద సన్నటి నల్లగీత లేచింది. పట్టాకి ఇటువైపు మొదలై, దానికిందుగా దూరి, అటువైపు జానెడు మేర తేలింది.

వడ్రంగి కొండయ్య బాడిస పక్కన పెట్టి వచ్చాడు. గీత చూశాడు, పైడమ్మని చూశాడు.

“సూసేసేవా,” అన్నాడు. “సూడకుండా ఉంటే బాగుండేదమ్మా.”

“నీకు తెలుసా కొండయ్యన్నా?”

తెలుసునన్నట్టు తలాడించాడు. పట్టా బిగించింది తనే. కొత్త టేకు దుంగ కావాలని చెప్పాడట. దొరల లాకులకీ వంతెనలకీ పోగా ఎగువనుంచి దిగిన టేకుకి పాతిక రూపాయలు అడుగుతున్నారట. ఈ ఏటికి పట్టాతో సరిపెట్టెయ్యమని బంగారరాజు గారు అన్నారట. కొండయ్య మంచివాడే. కానీ ఆయన పెరట్లోనే కాపరం, ఆయన పనే తిండి.

“ఎంత బరువు మోస్తాదిది?” అని అడిగింది పైడమ్మ.

కొండయ్య బూడిద గీతని బొటనవేలితో చెరిపేస్తూ చెప్పాడు. “మీరు ఎనమండుగురూ ఎక్కితే తెలుస్తాదమ్మా.”

పైడమ్మకి ఒళ్ళు మండింది. తొమ్మిదేళ్ళుగా తనని ఎందుకు ఎక్కిస్తున్నారో ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

మగాళ్ళు ఇరుసుని ఎత్తి నిట్రాళ్ళకి బిగిస్తుంటే ఆమె ఇంటికి వెళ్ళింది. అరుగుమీద అప్పలమ్మ చిరిగిన వల ముళ్ళు వేస్తోంది. పైడమ్మ గంజిముంత తెచ్చి ఎదురుగా కూర్చుని, తాను సగం తాగి, ఆమెకి సగం ఇచ్చింది.

“ఇయ్యాళ పేరంటం కదే,” అంది అప్పలమ్మ బెదిరిపోయి.

“తాగక్కా.”

తాతారావు మధ్యాన్నం మంచినీళ్ళకి వచ్చి ఆ ముంతని చూశాడు. పెళ్ళాం ఇరుసు సంగతి చెప్పింది. అతను గోడకి ఆనుకున్నాడు. ఎక్కకపోతే వచ్చే తీర్థాలకి తనని రానివ్వరని, పడవపని కూడా బంగారరాజు గారి చేతిలోనే ఉందని గొణిగాడు. నెమ్మదిగా తోస్తానన్నాడు, నాలుగు చుట్లే కదా అన్నాడు. పోయినేడు తోసిన ఎనిమిది చేతుల్లో రెండు తనవేనన్న సంగతి అతనికీ గుర్తొచ్చినట్టుంది. మాట మధ్యలో ఆపి వదిన వైపు చూడకుండా వెళ్ళిపోయాడు.

ఎండ వాలాక పేరంటం మొదలైంది. రాట్నం నిలబడింది. పెట్టెలకి పూసిన ఎరుపూ నీలీ ఇంకా ఆరలేదు. ఆడవాళ్ళు తడిజుట్టుతో వరసగా నిలబడ్డారు. సత్యవేణమ్మ గారు ఇత్తడి పళ్ళెం పట్టుకొచ్చారు. ఈ ఏడు పైడమ్మ వెనకాల అప్పలమ్మ కూడా దేక్కుంటూ వచ్చి కంచె పక్కన కూర్చుంది. పిలవని పేరంటానికి వచ్చిందని ఇద్దరు ముగ్గురు మొహాలు ముడుచుకున్నారు.

“మొదటి పెట్టె పైడమ్మది. ఎక్కమ్మా,” అన్నారు బంగారరాజు గారు.

పైడమ్మ కదల్లేదు.

“మావయ్యగారండీ, ఇరుసు నెర్రె ఇచ్చిందండి. మద్దేన్నం బూడిద సల్లి సూసేను. బరువు సూడాలంటే కొబ్బరికాయలు గోతాల్లో పోసి పెట్టించండి. మీ కొట్లో కాయలకి కొదవేవుందండి?”

ఆయనకి కోపం కూడా రాలేదు. తెలియనిదానికి తెలియజెప్పినట్టు నవ్వుతూ అన్నారు.

“వెర్రిదానా, వంద కాయలు రూపాయిన్నర పలుకుతున్నాయి. అంత పైనుంచి పడితే ఒక్కటైనా మిగుల్తాదా?”

అన్నాక కూడా తానేమన్నారో ఆయనకి తట్టలేదు. ఆడవాళ్ళకి తట్టింది. వరసలో నూకాలు అనే ఆవిడ పెట్టె అంచుమీద వేసిన చెయ్యి తీసేసింది. రాట్నం చెయ్యి పట్టుకుని ఉన్న తాతారావు మొగం నల్లబడింది.

పైడమ్మ రెండడుగులు ముందుకేసి సత్యవేణమ్మ గారి పళ్ళెంలోంచి కుంకంబరిణె తీసుకుంది.

“అత్తయ్యగారండీ, పేరంటం మీది. ఇంటావిడ లేకుండా ఏం పేరంటవండి? తమరూ ముత్తైదువే. ఇలా రండి, బొట్టెడతాను. మొదట తమరెక్కండి, ఎనకాలే మేవెక్కుతాం.”

సత్యవేణమ్మ గారు వేలాడుతున్న పెట్టె వంక ఒకసారి, పైనున్న ఇనప పట్టా వంక ఒకసారి చూశారు. చూసి, తెలియకుండానే ఒక అడుగు వెనక్కి వేశారు. ఒక్క అడుగే. పెరట్లో ఉన్నవాళ్ళందరూ ఆ అడుగుని చూశారు.

ఆవిడే తేరుకుని, మాట మార్చడానికి ఒక దారి పట్టుకున్నారు. “ఏమే, ఏమైనా తిన్నావేంటి? తినుంటే చెప్పు. కీడు తగుల్తుంది, ఇంకొకర్ని ఎక్కిద్దాం.”

అది నిజంగా దారే. అవునని పక్కకి తప్పుకుంటే ఈ పూటకి తన ఒళ్ళు దక్కుతుంది, తాతారావు పనీ దక్కుతుంది. ఇంకెవరో ఎక్కుతారు. ఏడాది కిందట తల దించుకున్నట్టే ఇవాళ కూడా దించుకుంటే చాలు.

“ఆయ్, తిన్నానండి,” అంది పైడమ్మ. “పోయినేడూ తిన్నానండి. అక్కా నేనూ ఒక్క ముంతలోదే తాగేం. అక్క ఎక్కిన పెట్టె ఇరిగింది, నాది ఇరగలేదు. గంజికి కీడుంటే ఇద్దరం పడాలి కదండి. పడింది కొయ్య పుచ్చిపోయి. నాకు తెలిసీ నోరు మూసుకున్నాను. తప్పు నాది. అక్కది కాదండి.”

కొండయ్య బాడిస పిడి వంక చూస్తూ కూర్చున్నాడు. ఎవరూ అడక్కుండానే, “కొయ్య పుచ్చిన మాట నిజవేనండి,” అన్నాడు.

“నేను రాత్రి మిగిలిన చేప కూడా తినే వచ్చేను,” అని నూకాలు గొణుక్కుంటూ వరస దాటి పక్కకొచ్చింది. తడిజుట్టు ముడేసుకుంటూ మరొకావిడ, ఆమె వెనక ఇంకో ముగ్గురు వచ్చారు. ఇద్దరు మాత్రం పెట్టెల దగ్గరే నిలబడిపోయారు, కాళ్ళు అటూ ఇటూ కదపలేక.

అప్పుడు వచ్చింది బంగారరాజు గారికి కోపం. మొగుడివా కాదా అని తాతారావుని అడిగారు. పెళ్ళాన్ని ఎక్కించకపోతే రేపటినుంచి రేవులో అడుగెట్టొద్దన్నారు, పడవలకి యానాం నుంచి మనుషుల్ని తెచ్చుకుంటానన్నారు. ఆయన అన్నంత పనీ చెయ్యగలడు. ఆ సంగతి తాతారావుకి అందరికంటే బాగా తెలుసు. అతను రాట్నం చెయ్యి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తరవాత కంచె పక్కన కూర్చున్న వదిన వైపు చూశాడు. ఏడాదిలో ఆమె మొహం వంక సూటిగా చూడ్డం అదే మొదలు.

“నేను తొయ్యలేనండి మావయ్యగారూ,” అని రాట్నం చెయ్యి వదిలేశాడు.

పైడమ్మ పళ్ళెం అందుకుని కంచె దగ్గరికి నడిచింది. అప్పలమ్మ ముందు నేలమీద కూర్చుంది. నూకాలూ మిగతావాళ్ళూ చుట్టూ చేరారు. రేపు పొయ్యిలోకి ఏముందో వాళ్ళలో ఎవరికీ తెలియదు. పైడమ్మ అప్పలమ్మ కాళ్ళకి పసుపు రాసింది. కదలని ఆ కుడికాలికి రాసేటప్పుడు ఆమె ఏడుపు ఆపుకోలేకపోయింది. లేచి, ఉంగరం వేలితో కుంకం తీసి నుదుట దిద్దింది.

అప్పలమ్మ కూడా ఏడుస్తుందనుకున్నారు అందరూ. ఆమె మొహం తుడుచుకుని, పైటకొంగు దోసిలిగా పట్టింది.

“శనగలు కాస్త ఎక్కువ పొయ్యవే,” అంది. “పోయినేటివి కూడా నాకు రావాలి.”

వాళ్ళ వెనకాల గోదారి గాలికి ఖాళీ పెట్టెలు నాలుగూ కిర్రుమంటూ ఊగుతున్నాయి.