డ్యూటీలో ఉన్న మనిషి

మధ్యాహ్నం పన్నెండున్నరకి మకెరెటా ముప్ఫై మందికి ఉడికించిన చేమదుంపల గంగాళం పొయ్యి మీంచి దించుతోంది. అప్పుడే పెరటి గుమ్మంలో నిలబడి ఎవరో ఆడమనిషి పేరుపెట్టి పిలిచింది. తెల్లవారుజాము ఐదింటి నుంచీ మకెరెటా కూర్చున్నది లేదు. మాజీ మంత్రి రాతు లెమెకిగారి ఇంట్లో ఆ వారమంతా జనమే. భత్యాల మీద బహిరంగ విచారణ మొదలైన దగ్గర్నుంచీ ఊరివాళ్ళూ, పార్టీవాళ్ళూ, చర్చివాళ్ళూ పరామర్శకని వస్తున్నారు. వచ్చినవాళ్ళు ఊరికే పోతారా, కడుపు నిండాకే పోతారు. వండేది మాత్రం ఒక్కతే.

రాతు అంటే మా ఫిజీలో వంశానికి పెద్ద, ఈయన మా వంశానికి. మంత్రి పదవి పోయి తొమ్మిదేళ్ళయింది గాని, ఈ పెద్దరికం చచ్చేదాకా పోదు. దిగిపోయిన నాయకులకి ప్రభుత్వం ఇల్లూ, కారూ, డ్రైవరు జీతం, పనిమనిషి జీతం, పైదేశాల్లో వైద్యం ఇస్తుందని మా అందరికీ తెలుసు. ఎంతిస్తున్నారని ఎవరూ అడగలేదు. అడగడం మర్యాద కాదని పెంచారు మమ్మల్ని. ఈ ఏడు ఆసుపత్రుల్లో దూది కూడా లేదని నర్సులు రోడ్డెక్కారు. అప్పుడు పేపర్లవాళ్ళు మాజీల ఖర్చెంతో చెప్పమని గోల పెడితే, పార్లమెంటు ఒక సంఘాన్ని వేసింది. రేడియో పెడితే చాలు, అదే మాట.

పిలిచిన అమ్మాయి ఆ సంఘం ఆఫీసులో గుమాస్తా. పేరు కమ్లేష్ని. రాజధాని సువా నుంచి వచ్చి, ఎండలో బస్సు దిగి నడిచిందేమో, మొహం ఎర్రగా కందిపోయి ఉంది. మకెరెటా కొబ్బరిచిప్పతో నీళ్ళిచ్చింది. ఆ పిల్ల తాగి, సంచీలోంచి ఒక కవరు తీసింది.

"ఇలైతియాగారికి నోటీసక్కా. రేపు పదింటికి విచారణకి రావాలి. ఫోన్ చేస్తే కలవట్లేదు. డ్యూటీలో ఉన్నారా?"

మకెరెటాకి మొదట అర్థం కాలేదు. తర్వాత, ఇలైతియా తన పెనిమిటని, పోయి మూడేళ్ళయిందని చెప్పింది. కమ్లేష్ని కవరు చింపి, లోపలి కాగితం బయటికి తీసి, ఆమెకి కనిపించేలా పట్టుకుంది. డ్రైవరు ఇలైతియా, రెండు వారాలకి మూడువందల డాలర్లు. పోయిన నెలదాకా ఒక్క విడత కూడా ఆగకుండా తీసుకున్నట్టు ఉంది. ప్రతి విడత కిందా సాక్షి సంతకం ఉంది. అది మకెరెటాదే.

ఆ సంతకాలు పెట్టిన సంగతి ఆమెకి గుర్తుంది. రాతుగారి గదిలోకి ఎవరూ నిలబడి వెళ్ళరు. ఆయన తలకంటే మన తల పైన ఉండకూడదు. ఒంగి వెళ్ళి, చాప మీద కూర్చుని, చూపు దించుకోవాలి. ఆయన కాగితం ముందుకి తోసి వేలు పెట్టి చూపిస్తాడు. అక్కడ సంతకం పెట్టి, మూడుసార్లు మెల్లగా చప్పట్లు కొట్టి, వెనక్కి పాకుతూ బయటికి రావాలి. పెద్ద ముందు పెట్టిన కాగితాన్ని చదవడమంటే ఆయన మొహం మీద ఉమ్మినట్టే. తన జీతానికేమో అనుకుని పెట్టేసింది. ఇంకోచోట అయితే దీన్ని వెర్రితనం అంటారు. మేం మర్యాద అంటాం.

ఇలైతియా పద్నాలుగేళ్ళు ఆ ఇంటి కారు తోలాడు. అతనికి మూత్రపిండాలు పాడయ్యాయని తేలిన నెలలోనే రాతుగారు ఇద్దర్నీ పిలిపించి, ప్రభుత్వం డ్రైవరు భత్యం తీసేసిందని, తన చేతుల్లో ఏమీ లేదని చెప్పాడు. చెప్తూ కళ్ళు కూడా తుడుచుకున్నాడు. అది చూసి మొగుడూ పెళ్ళాల ప్రాణం ఉసూరుమంది. అంతటి మనిషికి ఎంత కష్టం వచ్చిందనుకున్నారు. మర్నాడు మకెరెటా తాను ఆరు నెలలు కూర్చుని అల్లిన చాపా, బుట్టెడు దుంపలూ తీసుకెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర పెట్టి వచ్చింది.

రక్తం శుభ్రం చేయడానికి ఒకసారికి నూటయాభై డాలర్లు. ఇలైతియా అన్న నెమానీ తన పడవ ఇంజను అమ్మాడు. పదకొండుసార్లు చేయించారు. పన్నెండోసారికి డబ్బు లేదు. ఇక తీసుకురాలేమని ఆసుపత్రిలో చెప్పింది నెమానీయే. తర్వాత పంతొమ్మిది రోజులకి ఇలైతియా పోయాడు. సమాధి చేసిన రోజున రాతుగారు ఒక పందినీ రెండు తాన్ల బట్టనీ పంపిస్తే, ఊరంతా ఆయన్ని మెచ్చుకుంది. ఆ ఏడే ఆయన మోకాలి చికిత్సకి న్యూజిలాండు వెళ్ళొచ్చాడు.

మకెరెటా కాగితం వంక చూస్తూ నిలబడిపోయింది. పొయ్యి మీద చేమాకు కూర అడుగంటుతున్న వాసన వచ్చింది. కదల్లేదు.

"మీరు రండక్కా. ఆయన ఎప్పుడు పోయారు, ఈ సంతకం మీదేనా, ఈ రెండు ముక్కలు చాలు."

"చెప్తే నన్నేం చేస్తారమ్మా?"

కమ్లేష్ని కాగితం మడిచి ఆమె చేతిలో పెట్టింది. "తెలీదు. సంతకం సంగతి మిమ్మల్నీ నిలదీస్తారు. ఏమీ కాదని అబద్ధం చెప్పలేను."

ఆ మాటే మకెరెటాకి నచ్చింది. ఆ ఇంట్లో ఇన్నేళ్ళలో ఎవరూ ఆమెతో తెలీదని ఒప్పుకోలేదు.

వడ్డన అయ్యాక రాతుగారు వచ్చిందెవరని అడిగాడు. చెప్పింది. అలాగా అన్నాడు. ఇంకాస్త చేమాకు కూర వెయ్యమని, మాడు వాసన వస్తోందని, పని మీద ధ్యాస ఉంచమని అన్నాడు. కోపగించుకున్నా బాగుండేది అనుకుంది మకెరెటా.

మర్నాడు పొద్దున్న ఆరున్నరకి దంతం వచ్చింది.

మకెరెటాది ఊరి చివర, మడ చెట్ల పక్కన రేకుల ఇల్లు. నేల వంశానిది. ఎవరు ఎక్కడ ఉండాలో రాతుగారి మాట మీదే. ఆమె స్నానం చేసి, చర్చికి కట్టుకునే నీలం గౌను వేసుకుని, ఏడుంపావు బస్సుకి సిద్ధమవుతోంది. పక్కింట్లోంచి బావగారు నెమానీ హడావుడిగా వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. మాలో పెనిమిటి అన్నతో మరదలు ఎదురుపడి మాట్లాడదు. అతనూ గోడకేసి చూస్తూనే మాట్లాడాడు.

"పౌలియాసిగారు తిమింగలం దంతం పట్టుకొస్తున్నాడు. నేను అందుకుంటాను. నువ్వు వెనక కూర్చుని నోరు మెదపకు. కాదంటే ఈ నేల మీద మనకి చోటుండదు. రేపు నువ్వు పోతే తమ్ముడి పక్కన పూడ్చనివ్వరు. తెలుసుకో."

ఇల్లు పోతే ఎవరింట్లోనో అంట్లు తోముకుని బతకొచ్చు అనుకుంది మకెరెటా. ఇలైతియా సమాధి పక్కన తనకి ఖాళీ జాగా ఉంది. ప్రతి ఆదివారం అక్కడ గడ్డి పీకి, దాని మీద కూర్చుని అతనితో నాలుగు మాటలు చెప్పుకుని వస్తుంది. ఆ జాగా పోతే ఇంకోటి దొరకదు.

పౌలియాసి రాతుగారి తరఫున మాట్లాడే మనిషి. వెనక ఇద్దరు పెద్దలు. ముగ్గురూ వచ్చి చాప మీద కూర్చున్నారు. ఎదురుగా నెమానీ. ఆడమనిషి చోటు గుమ్మం పక్కన కాబట్టి మకెరెటా అక్కడే కూర్చుంది. పౌలియాసి ఒడిలోంచి దంతం తీశాడు. జానెడు పొడవు. చేతులు మారీ మారీ తేనెరంగుకి తిరిగింది. రెండు కొసలకీ కలిపి కొబ్బరిపీచు తాడు. పెళ్ళికూతుర్ని అడగాలన్నా, హత్యకి క్షమాపణ చెప్పాలన్నా మా ఫిజీలో ఇదే. ఎత్తి పట్టుకుని కోరిక చెప్తారు. అవతలివాడు అందుకున్నాడా, కోరిక ఒప్పుకున్నట్టే, ఇక వెనక్కి తిరగడం లేదు. అందుకోగానే అందరూ చప్పట్లు కొడతారు. ఒకసారి ఎత్తాక, ఎవరూ అందుకోకుండా దాన్ని కింద పెట్టకూడదు. అలా పెట్టవలసి వచ్చిన సంగతి ఎవరూ ఎరగరు. పనిమనిషి గుమ్మానికి దంతం రావడం కూడా అదే మొదటిసారి.

పౌలియాసి రెండు చేతులా దంతం ఎత్తి మొదలుపెట్టాడు. చక్కటి గొంతు అతనిది. ఇంటిని పొగిడాడు, నేలని పొగిడాడు, ముత్తాతల దగ్గర్నుంచీ చేసిన ఊడిగాన్ని పొగిడాడు. ఇంటి మాట వీధిలో పడకూడదని, మకెరెటాకి ఒంట్లో బాగాలేదని కబురు పంపితే చాలని అన్నాడు. ఆమె బతికినంతకాలం ఇల్లూ, పనీ ఆమెవేనని రాతుగారి మాటగా చెప్పాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "అందుకోండి" అన్నాడు.

నెమానీ మోకాళ్ళ మీద ముందుకి జరిగి చేతులు చాచాడు.

"బావగారూ, ఆగండి."

ఆ ఇంటి కోడలైన ఇరవై రెండేళ్ళలో ఆమె అతన్ని పలకరించింది అదే మొదలు. నెమానీ చేతులు గాల్లోనే ఆగాయి. పెద్దలు ఆమెకేసి తిరిగారు.

"ఈ ఇంటికి పెద్ద మీరు కాదు, నా మొగుడు. దంతం అందుకోవలసింది ఆయన."

పౌలియాసి కోపం తెచ్చుకోలేదు. మతి చలించిందేమోనని జాలిగా చూశాడు. "ఇలైతియా పోయాడు కదమ్మా."

"ఎప్పుడు పోయాడు?"

పౌలియాసి నోరు తెరిచాడు గాని చెప్పలేదు. చెప్తే, ఆమెని దేనికి వెళ్ళొద్దంటున్నారో అదే తన నోటితో చెప్పినట్టవుతుంది.

మకెరెటా ఆపలేదు. "పెట్టె మోసినవాళ్ళలో మీరూ ఉన్నారు. మరి రాతుగారి కాగితాల్లో ఆయన పోలేదు. పోయిన నెలదాకా బండి తోలి జీతం తీసుకున్నాడట. ఇంకా డ్యూటీలోనే ఉండుంటాడు. దంతం ఆయన చేతికే ఇవ్వండి. వచ్చేదాకా అలాగే పట్టుకుని కూర్చోండి."

నెమానీ నెమ్మదిగా తల తిప్పి, జన్మలో మొదటిసారి మరదలి మొహంలోకి చూశాడు.

"డ్రైవరు జీతం ఆగలేదా?"

"ఒక్క వారం కూడా ఆగలేదు బావగారూ."

"తమ్ముడు మంచాన ఉన్నప్పుడు కూడానా?"

"అప్పుడూ."

నెమానీ లెక్క వేసుకున్నాడు. వారానికి నూటయాభై, సరిగ్గా ఒకసారి రక్తం శుభ్రం చేయించే ఖర్చు. ఆసుపత్రి బల్ల ముందు నిలబడి, ఇక తీసుకురాలేం అని చెప్పిన నోరు అతనిదే. మూడేళ్ళుగా ఆ మాట తలుచుకుని కుమిలిపోతున్నాడని ఇంట్లో అందరికీ తెలుసు. చాచిన చేతులు వెనక్కి తీసుకుని తన మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"నెమానీ," అన్నాడు పౌలియాసి. అతని మోచేతులు అప్పుడే వణకడం మొదలుపెట్టాయి. అరవై ఏళ్ళ మనిషి. దంతం బరువు ఎంతో కాదు గాని, ఎత్తి పట్టుకుని ఉండాలి. "అందుకోవయ్యా. దీన్ని కింద పెట్టించకు."

నెమానీ మోకాళ్ళ మీంచి చేతులు తియ్యలేదు.

మకెరెటా లేచింది. కూర్చున్న పెద్దల మధ్య నుంచి వెళ్ళేటప్పుడు నడుం ఒంచి, క్షమించమని గొణుగుతూ పోవాలి. ఆమెకి ఒంగడానికి మనసు రాలేదు. నిటారుగా, వాళ్ళ మధ్య నుంచే, ఎత్తిన దంతం పక్క నుంచే నడిచి గుమ్మం దాటింది. ఒకాయన ఛీ అన్నాడు. నోటీసు ఆమె చేతిలోనే ఉంది.

సమాధుల పక్క నుంచే బస్సుకి దారి. ఇలైతియా దగ్గర ఆగలేదు, ఆగితే వెళ్ళలేనని భయపడింది. రోడ్డు మీదకి వచ్చి నిలబడి, చెవి ఇంటివైపే పెట్టుకుంది. బావగారు మనసు మార్చుకుని దంతం అందుకుంటే చప్పట్లు ఇక్కడిదాకా వినిపిస్తాయి. కోళ్ళు అరిచాయి. ఎవరో కట్టెలు కొడుతున్నారు. ఏడుంపావు బస్సు పది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. అది వచ్చేదాకా చప్పట్లు వినిపించలేదు.