బిట్టు చల్లబడిన రోజు

ఎనభై నాలుగో సంవత్సరంలో పెద్దకడుబూరు బావులన్నీ అడుగంటితే, లోతు పెంచడానికి ట్రాక్టరు కంప్రెసర్ తెప్పించారు. బావిలో రాళ్లు మోసే ఉచ్చీరమ్మకు ఇంకో పనీ పడింది. అరిగిన బిట్లను గోతంలో వేసుకుని, బస్సెక్కి ఆదోని లేతు షాపుకు పోయి పదును పెట్టించుకు రావాలి. పేలుడు మందు కూరే బెజ్జాలు తొలిచే ఆ ఉక్కు బిట్టు, నల్లరాతిలో రెండు బెజ్జాలకే మొండిబారేది.

షాపు నాగప్పది. పత్తి మిల్లుల ఇరుసులు తిప్పి తిప్పి తల నెరిసిన మనిషి, మాట తక్కువ. ఆ రోజు ఉచ్చీరమ్మ బిట్టును ఆయన చేతికివ్వకుండా వెలుతురుకు పట్టింది.

“అన్నా, ఒకటి సెప్తా, నవ్వద్దు. ప్రతి బిట్టూ ఈ రెండు మూలల్లోనే నీలంగా కములుతాండాది. నడుమ ఎప్పుడూ తెల్లగానే ఉంటాది.”

నాగప్ప నవ్వలేదు. బిట్టును అటూ ఇటూ తిప్పి చూశాడు. కంప్రెసర్ గాలి బిట్టు మధ్యనున్న ఒకే బెజ్జంలోంచి వస్తుంది. నడుమను చల్లబరిచి, రాతిపొడిని అంచులకు తోసి వదిలేస్తుంది. పొడి అక్కడే ఇరుక్కుని ఉక్కు కాగిపోతోంది.

“ఇరవై ఏండ్లుగా ఇనుముతోనే ఉండాను. నాకు కనపడలా,” అన్నాడు మెల్లగా.

బిట్టును కాల్చి మెత్తబరిచాడు. మధ్య బెజ్జం మూసి, మూలలవైపు ఏటవాలుగా రెండు సన్న బెజ్జాలు వేశాడు. పొడి పైకి పోవడానికి పక్కల గాడులు తీశాడు. మళ్లీ గట్టిపరిచి పదును పెట్టి, మరునాడు తనే బావిలోకి దిగాడు.

బిట్టు రాతికి తగలగానే మోత మారింది. ఎప్పుడూ బెజ్జంలోనే ముద్దకట్టే పొడి, తెల్లటి పొగలా లేచి బావి దాటి ఎండలోకి పోయింది. మూడడుగులు దిగాక బిట్టును పైకి లాగారు. ఉచ్చీరమ్మ చెయ్యి చాచింది.

“కాల్తాది, పట్టుకోవద్దు!” అని నాగప్ప అరిచాడు.

అప్పటికే పట్టుకుంది. ఎండలో తిరిగొచ్చిన పిల్ల నుదురంత వెచ్చగా ఉంది, అంతే. కంటికి కనపడని గాలి, ఇనుప కడ్డీ లోపల్నుంచి దిగి, ఏనాడూ పొద్దు సోకని రాతి కడుపులో వేడిని ఆర్పి, పొడిని ఎత్తుకుని తిరిగొస్తోంది!

“దేవుడా! గాలి కూడా మన మాదిరే తట్ట మోస్తాండాదే అన్నా!”

పొద్దుగూకేలోగా ఆ ఒక్క బిట్టే పదకొండు బెజ్జాలు తొలిచింది. నాగప్ప ఆదోనికి తిరిగి పోలేదు. గోతంలోని పాత బిట్లన్నీ ఆమె ముందు పరిచి, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

“ఇవి ఇంకేమేం సెప్తాండాయో సెప్పుమ్మా.”